బల్లకి రెండో చివర

ఉతుకు గది పక్క వరండా,
ఆదివారం

అక్కా,

క్షేమంగానే చేరాను. బస్సు దిగి బురదలో నడిచి వచ్చేసరికి చెప్పులేవో కాళ్ళేవో తెలియలేదు. గేటు దగ్గర ఒక ముసలావిడ చీర ఎగ్గట్టి, పార పట్టుకుని కాలవలో పూడిక తీస్తోంది. అమ్మగారిని కలవాలి, ఎక్కడుంటారని అడిగాను. "ముందు ఈ బకెట్టు అందుకో" అంది. అందుకున్నాను. ఇంకోటి అందించింది. అదీ మోసుకెళ్ళి పారబోశాను. నీళ్ళు పారడం మొదలయ్యాక చేతులు కడుక్కుంటూ, "ఇప్పుడు చెప్పు తల్లీ, నాతో ఏం పని?" అంది. నా మొహం నువ్వు చూడాల్సింది. నీకు ఏడాదికి సరిపడా నవ్వు దొరికేది.

అవునక్కా, ఆవిడే. ఆ రోజు హాలులో ఆవిడ మాట్లాడితే నేను వెనక వరసలో కూర్చుని ఏడ్చానని చెప్పానే, ఆవిడ. హోటల్ లాండ్రీలో సెలవు పెట్టి ఇంత దూరం వచ్చింది ఆవిడ కోసమే. ఆస్పత్రులవాళ్ళు ఇక మా వల్ల కాదని పంపేసినవాళ్ళు, తీసుకెళ్ళేవాళ్ళు లేనివాళ్ళు ఇక్కడ ఉంటారు. నాకు వచ్చిన పని అడిగి ఉతుకు గదిలో వేశారు. నిలబడితే నా ఛాతీదాకా వచ్చే కాగు ఒకటి ఉంది. దుప్పట్లన్నీ అందులో ఉడకబెట్టి కర్రతో తిప్పాలి. హోటల్లో మెషీను చేసే పని ఇక్కడ నేనూ, ఒక కర్రా కలిసి చేస్తాం.

ఇక్కడ ఒక అలవాటు ఉంది. వరండాలో పొడుగాటి బల్ల వేసి ఉంటుంది. ఎవరైనా తమ దగ్గరున్న వస్తువు ఒకటి వదులుకోదలిస్తే దాని మీద ఒక చివర పెట్టి వెళ్ళిపోతారు. ఎవరు పెట్టారో ఎవరూ అడగరు. కావలసినవాళ్ళు తీసుకుంటారు. రెండో చివర గోడకి ఒక పలక వేలాడుతూ ఉంటుంది. ఎవరికి ఏం కావాలో దాని మీద సుద్దతో రాయొచ్చు. దాని నిండా అమ్మగారి రాతే. సబ్బులు, దారపు ఉండలు, కళ్ళలో వేసుకునే చుక్కలు, మంచి టీ పొడి. నిజం చెప్పొద్దూ, టీ పొడి చూసి కాస్త నిరుత్సాహపడ్డాను. అంత మనిషి అలా రాసుకోవడం ఏమిటి అనిపించింది.

నేను మాత్రం వచ్చిన రోజే నా ఫోను బల్ల మీద పెట్టేశాను. వంటావిడ కూతురు తీసుకుంది. కాబట్టి ఇక ఉత్తరాలే. బావ చేత నవ్వించుకోకుండా గుట్టుగా చదువుకో.

నీ చిట్టి

*

మందుల షాపు,
మధ్యాహ్నం, బేరం లేని వేళ

చిట్టీ,

నీ ఉత్తరం బావే తెచ్చి ఇచ్చాడు. ఇవ్వడానికి ముందు చదివేశాడు కూడా. "మీ చెల్లెలు బకెట్లు మోయడానికి టికెట్టు కొనుక్కుని వెళ్ళిందా? మనింట్లో మోస్తే ఎదురు డబ్బులిచ్చేవాణ్ణి" అని వెక్కిరిస్తున్నాడు. కానీ ఆయనకి నువ్వు లేకపోతే ఏమీ తోచడం లేదు. తిట్టడానికి ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను.

ఫోను ఇచ్చేశావని చదివి ఒళ్ళు మండింది. సరే, అయిందేదో అయింది. మీ ఆఫీసు నంబరు సంపాదించాను. చేస్తే మోగి మోగి ఆగిపోతోంది.

ఇందులో నీ మాత్రలు పెట్టాను. ఒక నెలకి సరిపోతాయి, వచ్చే నెల మళ్ళీ పంపుతాను. నీకు మూర్ఛ ఉందని అక్కడ చెప్పావా? చెప్పకపోతే ఈ ఉత్తరం మడిచే లోపలే వెళ్ళి చెప్పు. ముఖ్యంగా ఆ కాగు దగ్గర నిలబడే ముందు చెప్పు. చిన్నప్పుడు నీకు వచ్చే ముందు ఎక్కడో గుడ్డ కాలుతున్న వాసన వస్తోందనేదానివి. అమ్మ వంటింట్లోకి పరిగెత్తేది, నేను నీ దగ్గరికి పరిగెత్తేదాన్ని. ఈ మాత్రలు కుదిరాక ఆ వాసన మళ్ళీ రాలేదు. ఇక రాదులే అని మాత్రలు మానేసినవాళ్ళని ఈ కౌంటరు వెనక నిలబడి చాలామందిని చూశాను. కొందరి తరఫున తర్వాత ఇంట్లోవాళ్ళు వచ్చారు.

అమ్మగారి గొప్పతనం నాకు తెలియనిది కాదు. మా షాపుకి కూడా ఒకసారి వచ్చింది. చేయి చాపి, "ఏమైనా ఇస్తావా అమ్మా" అని అడిగింది. దూది ఇచ్చాను. "పట్టీలు కూడా ఇవ్వకూడదూ?" అంది. అవీ ఇచ్చాను. పట్టపగలు అంతమంది ముందు అలా అడగడానికి ఆవిడకి ఏమీ అనిపించలేదు. నాకే తల కొట్టేసినట్టయింది. ఆవిడ దగ్గర సేవ నేర్చుకో, కాదనను. అడుక్కోవడం మాత్రం నేర్చుకోకు. నాన్న మంచం పట్టి కూడా పక్కింటివాళ్ళని ఒక గ్లాసు మంచినీళ్ళు అడగలేదు. ఆయన మనకి మిగిల్చిన ఆస్తి ఆ రోషం ఒక్కటే.

చెప్పావో లేదో వెంటనే రాయి.

అక్క

*

వరండా, వాన చప్పుడులో

అక్కా,

మాత్రలు అందాయి. వేసుకుంటున్నాను. కోప్పడనంటే ఒక మాట, నా సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే నన్ను కాగు దగ్గరికి రానివ్వరు. మేడ మీద మంచాల వరసలో నాకూ ఒకటి వేస్తారు. నేను ఇక్కడికి చేయించుకోవడానికి రాలేదు, చేయడానికి వచ్చాను. చిన్నప్పటి నుంచీ ఎక్కడికి వెళ్ళినా "పాపం, ఈ పిల్లకి అది ఉంది" అనే పరిచయంతోనే వెళ్ళాను. ఇక్కడ ఒక్కచోట అయినా అది లేకుండా నన్ను నేనుగా ఉండనీ.

ఇక్కడ నాకొక పిచ్చి పట్టుకుంది. రోజూ అమ్మగారి పక్కన నన్ను నిలబెట్టి చూసుకుంటున్నాను. దేవుడు ఎదురుగా కూర్చున్నట్టు ఆవిడ ప్రార్థన చేస్తుంది. నేను కళ్ళు మూసుకుంటే ఆరేసిన దుప్పట్లు తడుస్తున్నాయేమో అనిపిస్తుంది. పుండు కడిగేటప్పుడు ఆవిడ మొహం మారదు. నేను ఊపిరి బిగబట్టుకుంటాను, బయటికి వచ్చి పీల్చుకుంటాను. నన్ను ఎవరైనా మెచ్చుకుంటే సాయంత్రం దాకా ఆ మాట నెమరేసుకుంటాను. ఆవిడని మెచ్చుకున్నవాళ్ళకి చీపురు చేతికిస్తుంది. ఏ వైపు నుంచి చూసినా ఆవిడ ముందు నేను ఎందుకూ పనికిరాను. ఆవిడ దగ్గర రెండు చీరలు, ఒక పళ్ళెం, ఒక చాప తప్ప ఏమీ లేవు. నాకు అర్థమైనంత వరకు రహస్యం అక్కడే ఉంది. ఒక్కొక్కటీ వదిలేసుకుంటూ పోతే లోపల ఇరుకు తగ్గుతుంది కాబోలు. నేను పుట్టడమే ఆవిడలా పుట్టలేదు, కనీసం వదలడం చేతనవుతుంది కదా.

అందుకని చెప్పులు బల్ల మీద పెట్టాను. తర్వాత అద్దం. తర్వాత దుప్పటి. మొన్న స్వెటరు పెట్టాను. మొదటి రోజు చలికి నిద్ర పట్టలేదు గానీ మనసు మాత్రం ఎంత తేలికపడిందో చెప్పలేను.

ఒక్క విషయంలో మాత్రం ఆవిడ దారి నాకు మింగుడుపడటం లేదు. శుక్రవారం శుక్రవారం ఆవిడ ఊళ్ళోకి అడగడానికి వెళ్తుంది. కొట్టు కొట్టుకీ ఎక్కి చేయి చాపుతుంది. "నాతో రా" అంది. తలనొప్పి అని తప్పించుకున్నాను. "తలనొప్పి తగ్గాక వద్దువుగాని" అని నవ్వింది. నీ ఉత్తరం చదివాక, ఇద్దరం నాన్న కూతుళ్ళమే అనిపించింది.

చిట్టి

*

ఇంటి నుంచి,
వంట కాకముందే

చిట్టీ,

స్వెటరు ఇచ్చేశావా. ఎంత తేలిగ్గా రాశావే ఆ మాట. షాపులో బేరాల మధ్య, కౌంటరు కింద దాచుకుని, ఒక్కో వరసా లెక్క తప్పి విప్పి మళ్ళీ అల్లాను అది. మెడ దగ్గర కాస్త వంకర వచ్చింది, బావ దాన్ని చూసి "ఇది మీ చెల్లెలికా, ఏదైనా జిరాఫీకా" అన్నాడు. అది నీ ఒంటి మీద ఉందనుకుంటే నాకు ఇక్కడ చలి తగ్గేది. ఇప్పుడు ఎవరి ఒంటి మీద ఉందో నీకే తెలియదు.

నీకు అమ్మగారు కనబడినప్పటి నుంచి నేను కనబడటం లేదు. ఈ మాట అనకూడదనుకున్నాను, అనేస్తున్నాను. పుట్టినప్పటి నుంచి నిన్ను పట్టుకుని తిరిగింది నేను. నీ తల నేలకి కొట్టుకోకుండా నా చెయ్యి అడ్డం పెట్టి, నీ పళ్ళ మధ్య వేలు నలిగిన గుర్తు ఇంకా ఉంది. అది సేవ కాదు కాబోలు. మందులు అమ్ముకునే దాన్ని, చిల్లర సరిగ్గా తీసుకునే దాన్ని, ఆవిడ పక్కన నిలబెడితే నేనూ ఎందుకూ పనికిరాను మరి.

అయితే ఒక్కటి అడుగుతాను, సమాధానం చెప్పు. చెప్పులు, అద్దం, దుప్పటి, ఇవేం వదలడం? లేకపోయినా నడుస్తుందని తెలిసే వదిలావు. లేకపోతే నడవనిది ఒక్కటీ నువ్వు వదల్లేదు. నెల తిరిగేసరికి అక్క పంపే పొట్లం మాత్రం జాగ్రత్తగా అందుకుంటున్నావు కదా. మీ అమ్మగారి లెక్కలో అదేం త్యాగం? ఊరికే వస్తువులు అటూ ఇటూ జరపడం అది.

పొయ్యి మీద అన్నం మాడుతోంది. ఇంకేమీ రాయను. మాత్రలు విడిగా పోస్టు చేస్తున్నాను.

అక్క

*

వరండా

అక్కా,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. కోపం రాలేదు. నువ్వు నిజమే చెప్పావు. ఇక్కడ ఇంతమంది నన్ను మెచ్చుకున్నారు గానీ, ఆ మాట ఒక్కరికీ తట్టలేదు. అమ్మగారికి కూడా తట్టలేదు.

మేడ మీద ఒకమ్మాయి ఉంది. నా కంటే చిన్నది. వాళ్ళవాళ్ళు గేటు దగ్గర కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తామని చెప్పి వెళ్ళిపోయారట. ఆ అమ్మాయికీ నాకున్నదే ఉంది. ఎప్పుడూ కిటికీలోంచి నా ఉతుకుడు చూస్తూ ఉంటుంది. వానలకి రోడ్డు పాడై మందుల బండి రాలేదు. నర్సమ్మ దగ్గర ఆ మాత్రలు అయిపోయాయి. మొన్న ఆ అమ్మాయి మంచం మీంచి పడింది. దుప్పటికి రక్తం. ఉతికింది నేనే. ఉతుకుతూ ఉంటే నా ట్రంకుపెట్టెలో ఉన్న పొట్లం గుర్తొచ్చింది. అదే మందు, అదే రంగు. నువ్వు రాసిన మాట కూడా గుర్తొచ్చింది.

ఉన్నవన్నీ బల్ల మీద పెట్టాను. నువ్వు విడిగా పంపినవి తర్వాత వచ్చాయి, విప్పకుండా అవి కూడా పెట్టాను. పక్క గదిలోంచి చూస్తూ నిలబడ్డాను. నర్సమ్మ వచ్చి, పొట్లం తీసి, కళ్ళకి అద్దుకుని మేడ మీదకి పరిగెత్తింది. ఆ పరుగు నువ్వు చూసి ఉంటే నన్ను తిట్టేదానివి కాదు.

ఆ అమ్మాయి మళ్ళీ పడలేదు.

నేను బాగున్నాను. ఇంత బాగా ఎప్పుడూ లేను. నువ్వు ఇక మాత్రలు పంపనక్కరలేదు.

చిట్టి

*

మందుల షాపు,
షట్టరు సగం దించి

చిట్టీ,

నీ ఉత్తరం చదివి, ఉన్న బేరాలు పంపేసి షట్టరు దించాను. నేను కోపంలో అన్నానే. ఒళ్ళు మండి అన్నాను. స్వెటరు కోసం అన్నాను. నువ్వు అది పట్టుకుని అంత పని చేస్తావని ఎలా అనుకుంటాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను, విను, వెనక్కి తీసుకుంటున్నాను.

ఈ మందు నెమ్మదిగా మానిపించాలన్నా డాక్టరు దగ్గరుండి మానిపిస్తాడు. ఉన్నట్టుండి ఆపేస్తే అప్పటిదాకా అణిగి ఉన్నదంతా ఒక్కసారి పైకి లేస్తుంది. కొన్ని రోజులు ఏమీ కాదు. ఆ కొన్ని రోజులే మనుషుల్ని మోసం చేస్తాయి. వాసన వచ్చిందంటే కాగు దగ్గరా, మెట్ల దగ్గరా, నీళ్ళ దగ్గరా ఉండకు. ఎక్కడున్నా అక్కడే నేల మీద పడుకో. సిగ్గుపడకు.

నాకు చెబితే ఇద్దరికీ పంపేదాన్ని కదే. మందుల షాపులో ఉన్నదాన్ని. ఆ అమ్మాయికి జీవితాంతం పంపమన్నా పంపేదాన్ని. ఒక్క ముక్క రాస్తే చాలు. ఎందుకు అడగలేదే?

రెండు డబ్బాలు కొరియర్‌లో వేశాను. రోడ్డు తెగింది, ఎప్పుడు చేరుతుందో చెప్పలేం అన్నాడు. బస్సులు కూడా లేవట. మీ ఆఫీసు ఫోనూ, నీ పాత నంబరూ రెండూ పలకడం లేదు. బావ రోజూ బస్టాండుకి వెళ్ళి కనుక్కుంటున్నాడు. పరాచికాలు మానేశాడు, ఇంట్లో ఆయన అలా ఉంటే ఇంకా భయంగా ఉంది. దారి తెరవగానే వచ్చేస్తాం. ఈ లోపల వెళ్ళి అమ్మగారికి చెప్పు. ఈ ఉత్తరం చూపించు. ఇది చదివిన చోటు నుంచి నేరుగా వెళ్ళు.

అక్క

*

వరండా,
ఎండ వచ్చిన రోజు

అక్కా,

ఉత్తరాలేమీ రావడం లేదు. పోస్టు కూడా బురదలోనే ఇరుక్కుందంటున్నారు. నీ కోపం తగ్గలేదేమో అని కూడా ఒకసారి అనుకున్నాను. ఇవాళ ఎవరో ఈ మాత్రం ఎండ చాలు, పోస్టు బండి రేపు కదులుతుందన్నారు, అందుకని రాస్తున్నాను.

చాలా రోజులకి దుప్పట్లు ఎండలో ఆరాయి. తాళ్ళ మీద తెల్లగా కదులుతూ ఉంటే వాటి మధ్య నడిచాను. ఇప్పుడు ఒంటికి చలి తెలియడం లేదు. ఆకలి కూడా అంతగా లేదు. వంటావిడ "ఏమ్మా, గాలి భోంచేస్తున్నావా" అంటోంది. అమ్మగారు నన్ను ఆపి మొహంలోకి చాలాసేపు చూసింది. "నీకేం కావాలి తల్లీ?" అంది. ఏమీ వద్దన్నాను. ఆవిడ సంతోషిస్తుందనుకున్నాను. "ఏమీ వద్దనేవాళ్ళని చూస్తే నాకు భయం" అని వెళ్ళిపోయింది. ఆవిడ నుంచి ఆ మాట ఎందుకు వచ్చిందో అర్థం కాలేదు. ఆవిడకి మాత్రం ఏం కావాలి గనక?

ఒకటి చెబుతాను, కంగారుపడకు. ఆ వాసన వచ్చింది. గుడ్డ కాలుతున్న వాసన. పొయ్యిలోంచి నిప్పురవ్వ ఎగిరి దుప్పటి మీద పడిందేమో అని వెతికాను, ఏమీ లేదు. వంటావిడని అడిగితే తనకి రావడం లేదంది. అప్పుడు తెలిసింది. గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాను. మూర్ఛ రాలేదు అక్కా. వాసన వచ్చి, అలా ఉండి, పోయింది. తర్వాత ఇంకోసారి వచ్చి పోయింది. నేను దాన్ని దాటేశానని నాకు అనిపిస్తోంది. మందుతో కాదు, వదిలేయడంతో.

ఈ వారం కాగు కింద మంట పెట్టే వంతు నాది.

చిట్టి

*

ఆఫీసు గది,
శనివారం

అమ్మా,

నేను ఎవరినో మీకు తెలుసు. ఒకసారి మీ షాపుకి వచ్చాను, దూది, పట్టీలు ఇచ్చారు. ఇది నా చేత్తోనే రాస్తున్నాను. దారి కొంతమేర తెరిచారు. ఈ ఉత్తరం ఒక మనిషికిచ్చి పంపుతున్నాను, పోస్టు కంటే ముందు చేరుతుంది.

మీ చెల్లెలు నిన్న పొద్దున ఉతుకు గదిలో పడిపోయింది. కాగు మీదకి వాలింది. మేడ మీది అమ్మాయి కిటికీలోంచి చూసి అరిచింది, ఆ అరుపు విని వంటావిడ లాగింది. ఎడమ చెయ్యి, భుజం, మెడ కాలాయి. తలకి దెబ్బ తగిలింది. ఊపిరి ఉంది. కళ్ళు తెరవలేదు. ఆ తర్వాత కూడా మూర్ఛ ఆగకుండా వచ్చింది. ట్రాక్టరు మీద పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్ళారు. నర్సమ్మ పక్కనే ఉంది. మీరు ఇక్కడికి కాదు, నేరుగా అక్కడికి వెళ్ళండి. అడ్రసు ఈ మనిషి చెబుతాడు.

నేను నిన్న ఊళ్ళోకి వెళ్ళాను. శుక్రవారం నేను అడగడానికి వెళ్ళే రోజు. సాయంత్రం తిరిగి వచ్చేసరికి ఇదంతా జరిగిపోయింది. ఆ మాత్రలు ఎవరివో ఎవరికీ తెలియదు. బల్ల మీద దొరికాయి, దేవుడు పంపాడని నర్సమ్మ వాడింది. మీ చెల్లెలి పెట్టెలో మీ ఉత్తరాలు చూశాక తెలిసింది. చదివినందుకు క్షమించండి. మీ ఆఖరి ఉత్తరం, రెండు డబ్బాలు ఇవాళ పొద్దున వచ్చాయి. అవి ఆస్పత్రికి పంపాను.

నా గురించి ఆమె మీకు ఏం రాసిందో మీ జవాబులని బట్టి తెలిసి సిగ్గుతో చచ్చిపోయాను. నేను వదిలినవి చాలా తక్కువ అమ్మా. రెండు చీరలకంటే ఎక్కువ ఉంటే ఉతుక్కోలేను కాబట్టి రెండు ఉన్నాయి. ఈ ఇంట్లో ప్రతి మంచం, ప్రతి దుప్పటి, నేను రోజూ వేసుకునే బీపీ మాత్ర, అన్నీ అడిగి తెచ్చినవే. మొదట్లో నాకూ అడగడానికి నోరు వచ్చేది కాదు. అడిగితే చిన్నదాన్నవుతానని భయం. ఆ భయం పోగొట్టుకోవడానికే నా జీవితంలో సగం పట్టింది. నాకు ఎవరైనా ఏదైనా గొప్ప అంటగట్టాలనుకుంటే అదొక్కటే. పలక మీద టీ పొడి అని రాసేది కూడా అందుకే, నేను రాస్తే మిగతావాళ్ళు రాయడానికి జంకరని. మీ చెల్లెలు రోజూ ఆ బల్ల దగ్గరికి వచ్చేది. ఇచ్చే చివర నుంచి అడిగే చివరదాకా ఒక్కసారి కూడా నడవలేదు. నేను చూశాను. చూసి కూడా, నెమ్మదిగా నేర్చుకుంటుందిలే అని ఊరుకున్నాను.

నిన్న మధ్యాహ్నం మళ్ళీ వాన వచ్చింది. జల్లు వరండాలోకి కొట్టి పలక మీద రాసినవన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఎవరు ఏం అడిగారో ఇవాళ అందరినీ మళ్ళీ కనుక్కుంటున్నాం.

త్వరగా రండి. మీ కోసం అక్కడ ఎవరైనా వచ్చి నిలబడేలా అడిగి పెడతాను.

*

ఉతుకు గది మెట్ల మీద,
శుక్రవారం పొద్దున

అక్కా,

నిన్న ఒక తమాషా జరిగింది. మేడ మీది అమ్మాయికి దుప్పటి మార్చడానికి వెళ్తే, నా చెయ్యి పట్టుకుని, "అక్కా, నీకూ ఇదే ఉంది కదా?" అంది. అదిరిపోయాను. ఎలా తెలుసు అన్నాను. "నువ్వు గోడకి ఆనుకుని కళ్ళు మూసుకోవడం కిటికీలోంచి చూశాను. నేనూ అలాగే చేస్తాను" అంది. అబద్ధం చెప్పలేక ఉన్నదంతా చెప్పేశాను. తన మాత్రలు నావని తెలిసి ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసి, "నీకు మందుల షాపులో అక్క ఉందని చెప్పావు. ఇంకాసిని పంపమని అడగొచ్చుగా? నాకే అలాంటి అక్క ఉంటేనా" అంది.

ఎంత మామూలుగా అందో. నాకు ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదో తెలియడం లేదు. తట్టలేదు అనడం కూడా అబద్ధమే. తట్టింది, నోరు రాలేదు. ఇచ్చేటప్పుడు నేను అమ్మగారిలా ఉన్నానని అనిపించేది. అడిగితే మళ్ళీ ఆ జబ్బు పిల్లనైపోతానని భయం.

ఇవాళ పొద్దున లేవగానే వాసన వచ్చింది. ఇంతకుముందులా కాదు, చాలా దగ్గరగా. ఇంకా పోలేదు. ఈసారి భయం వేసింది. నేనేమీ దాటలేదు అక్కా.

అందుకని నువ్వు నవ్వకుండా ఉంటే ఒకటి అడుగుతాను. నాకు మాత్రలు కావాలి. ఆ అమ్మాయికి కూడా కావాలి. ఇద్దరికీ పంపు. వీలైతే ఒక స్వెటరు కూడా, మెడ వంకరగా ఉన్నా పరవాలేదు. చూశావా, ఒకసారి మొదలుపెడితే ఎలా వస్తున్నాయో.

పలక మీద కూడా రాశాను. "మూర్ఛ మాత్రలు, ఇద్దరికి" అని, అమ్మగారి టీ పొడి కింద. ఆవిడ అప్పటికే ఊళ్ళోకి వెళ్ళిపోయింది. సాయంత్రం వచ్చి నా రాత చూస్తే ఏమంటుందో చూడాలి. అప్పుడే అంతా చెప్పేస్తాను. వచ్చే శుక్రవారం నేనూ తనతో అడగడానికి వస్తానని కూడా చెబుతాను.

పోస్టు మనిషి గేటు దగ్గర ఉన్నాడు, ఇది ఇచ్చేసి వస్తాను. నీళ్ళు తెర్లుతున్నాయి, దుప్పట్లు తిప్పేవాళ్ళు లేరు. ఈ ఒక్క వాయి నేను చేసేస్తే రేపటి నుంచి ఇంకెవరినైనా అడుగుతాను.

నీ చిట్టి